తెలియని గొంతు 1

జూన్ 2

ఈ రోజు నుంచి నేను కళ్ళతో వింటాను. భావి చరిత్రకారులు తేదీ రాసుకోగలరు.

వస్తువు మామూలు కళ్ళద్దాల్లాగే ఉంది. కాడలు కాస్త బలిసినట్టుంటాయి, అంతే. ఎదుటివాళ్ళు మాట్లాడితే ఆ మాటలు అద్దం అడుగున ఆకుపచ్చ అక్షరాలై పాకుతాయి. మాటకు ముందు మనిషి పేరు కూడా వస్తుంది, నాటకం పుస్తకంలో లాగా. తలుపు కొడితే [తలుపు] అనీ, కుక్క మొరిగితే [కుక్క] అనీ బ్రాకెట్లో పడుతుంది.

గొంతుల్ని గుర్తుపట్టాలంటే ముందు వాటిని దానికి పరిచయం చేయాలట. క్లినిక్ మేడం ఒక పేరా ఇచ్చి ఇంటిల్లిపాదినీ చదవమంది. అమ్మ ఎక్కడ ఫెయిలవుతానో అన్నట్టు చదివింది. నాన్న కామాలు, ఫుల్‌స్టాపులు కూడా చదివాడు. అక్క వార్తలు చదివినట్టు చదివి చివర నమస్కారం పెట్టింది.

నా వంతు వచ్చింది. ప్యాడ్ మీద రాసి చూపించాను: నా గొంతు పదో ఏట స్వచ్ఛంద పదవీ విరమణ చేసింది, పెన్షన్ కూడా పుచ్చుకోవడం లేదు. మేడం నవ్వి 'యూజర్ మాట్లాడరు' అన్నచోట టిక్కు పెట్టింది. అమ్మ నేల చూపులు చూసింది. నా జీవితంలో మొట్టమొదటి బ్రాకెట్ అప్పుడే వచ్చింది. [దగ్గు]. అక్కది.

జూన్ 4

చెవులు పోయింది ఏడో ఏట, జ్వరంలో. జ్వరం వెళ్తూ వెళ్తూ వాటిని తోడు తీసుకెళ్ళింది. మాట మాత్రం మిగిలింది. మూడేళ్ళు వాడాను. తర్వాత ఒక రోజు క్లాసులో లేచి నిలబడి పాఠం అప్పజెబుతుంటే ముందు బెంచీ నోళ్ళు తెరుచుకున్నాయి, తర్వాత వెనక బెంచీ, తర్వాత టీచరు బోర్డు వైపు తిరిగింది. ఆవిడ భుజాలు కదులుతున్నాయి. నవ్వు చూడ్డానికి చెవులు అక్కర్లేదు. ఆ సాయంత్రం నుంచి దుకాణం బంద్. ఇంట్లో సైగలు, బయట ప్యాడ్. పెదవులు చదవడం సగం సగం వచ్చు. మీసాలున్నవాళ్ళు అట్టలు అంటుకుపోయిన పుస్తకాలు.

ఇది ఏడుపు పేరా కాదు. రికార్డు కోసం.

జూన్ 5

ఇన్నేళ్ళూ నేను పోగొట్టుకున్నది ఇదా. మావాళ్ళ మాటల్లో సగం "ఫ్యాన్ ఎవరు ఆపలేదు", మిగతా సగం "నేను కాదు". మధ్యలో నాన్న కూనిరాగం. అద్దం దాన్ని [సంగీతం] అంది. మర్యాద తెలిసిన యంత్రం.

నేనొక్కడినే ఉన్నప్పుడు అప్పుడప్పుడూ [అస్పష్టం] అని వస్తోంది. ఫ్యాన్ అయ్యుంటుంది.

మా ఇంటి గురించి చరిత్రకారులకు ఇంకో సంగతి. మావాళ్ళకు దివ్యదృష్టి ఉంది. నేను టీ తాగాలనుకుంటూ పుస్తకం తిరగేస్తుంటే కప్పు వచ్చేస్తుంది. నీలం చొక్కా ఎక్కడ చచ్చిందో అనుకుంటే ఇస్త్రీ అయి మంచం మీదికొస్తుంది. కాలేజీలో లైబ్రరీ అమ్మాయి గురించి ఈ డైరీలో రాసుకున్న మర్నాడే అక్క నన్ను చూసి పుస్తకం తెరిచి మూసినట్టు సైగ చేసి కన్ను కొట్టింది. డైరీకి తాళం వేశాను. అయినా తెలిసింది. నీ డైరీ నేను ముట్టుకుంటే నా చెయ్యి విరిగిపోవాలిరా అని ఒట్టేసింది. చెయ్యి భేషుగ్గా ఉంది.

జూన్ 8

రేపు ప్రయాణం. లేబుళ్ళు అచ్చేసే ప్రెస్సులో రంగులు చూసే ఉద్యోగం, వేరే ఊళ్ళో, అద్దె గదిలో, ఒంటరిగా. ఇరవై మూడేళ్ళ జీవితంలో మొదటిసారి. ఈ 'ఒంటరిగా' అన్న మాట ఇంట్లో ఎంత గొడవ చేసిందో అద్దంలో చూశాను. నేను వంటింటి వైపు వీపు పెట్టి కూర్చుంటే కొన్ని పంక్తులు వచ్చాయి.

అమ్మ: వాడికి వెనక నుంచి లారీ వస్తే ఎవరు చెప్తారండీ.
నాన్న: ఆ కళ్ళద్దాలు చెప్తాయి.
అమ్మ: కళ్ళద్దాలు కన్నతల్లా.

చివరికి ఒప్పందం కుదిరింది. ఒక నెల. ఈలోగా చిన్న తేడా వచ్చినా సరే, మూటాముల్లె సర్దుకుని వచ్చేయాలి. మామయ్య జిరాక్స్ షాపులో ఒక స్టూలు నా పిరుదుల కోసం ఏడాదిగా ఎదురుచూస్తోంది. దాన్ని తలచుకుంటేనే నాకు వెన్ను జలదరిస్తుంది. ఆ స్టూలు మీద కూర్చున్నవాడు మళ్ళీ లేవడు.

ఇది రాస్తుంటే అమ్మ గుమ్మం తుడుస్తోంది. సాయంత్రం నేను డైరీ తీస్తే చాలు, మా అమ్మకు నా గుమ్మం మురికిగా కనిపిస్తుంది.

జూన్ 9

గది మేడ మీద. ఒక మంచం, ఒక బల్ల, కొక్కేనికి వేలాడే బల్బు. మూడు గోడలు ఇటుక, నాలుగోది ప్లైవుడ్. ఒక పెద్ద గదిని ఓనరమ్మ రెండు చేసింది. ప్లైవుడ్ అవతల ఆవిడ అత్తగారుంటారు. ఏడాది క్రితం పక్షవాతం వచ్చి కాలూ చెయ్యీ మాటా మూడూ పడిపోయాయి. నిన్ను ఇబ్బంది పెట్టరులే బాబూ, ఆవిడ దగ్గర్నుంచి ఒక్క చప్పుడు రాదు అంది ఓనరమ్మ. నన్ను చప్పుళ్ళు ఇబ్బంది పెట్టవని రాసి చూపించాను. నాలుక్కరుచుకుంది.

రూలు ఒకటే. బయటివాళ్ళు గదిలోకి రాకూడదు. అక్క ముందే ఫోన్ చేసి మా తమ్ముడు మాట్లాడడు, ఎవరితోనూ పూసుకోడు అని సర్టిఫికెట్ ఇచ్చేసిందట.

జూన్ 11

ప్రెస్సు గురించి. మెషీన్ గదిలో చెవుల్లో దూది పెట్టుకోకుండా పనిచేసే ఏకైక ఉద్యోగిని నేను. ఆ రొదకు అద్దంలో వరసగా [యంత్రం] [యంత్రం] [యంత్రం] అని వస్తుంటే విసుగుపుట్టి కళ్ళద్దాలు జేబులో పెట్టేస్తాను. మందుసీసాల లేబుళ్ళు కాగితం నది లాగా పరుగెడుతుంటాయి. మధ్య మధ్య ఒకటి చింపి, భూతద్దం కింద పెట్టి, ఎరుపు ఎక్కువైందా నలుపు జారిందా చూసి, మెషీన్ తిప్పే ఆయనకు సైగ చేయాలి.

సూపర్‌వైజరు ముఖం కోపం వస్తే ఎర్రగా కాదు, ఒకరకం గులాబీగా మారుతుంది. మెజెంటా సార్ అని పేరు పెట్టుకున్నాను. నెలాఖరుకు నన్ను ఉంచాలో పంపాలో ఆయనే తేలుస్తాడు.

మెషీన్ తిప్పే ముసలాయన్ను అందరూ బాబాయ్ అంటారు. ఇవాళ ఎరుపు ఎక్కువైంది. ఈ ఎరుపు చూస్తే రోగి మందు తాగకుండానే చస్తాడు అనుకుంటూ సైగ చేద్దామని తల ఎత్తాను. బాబాయ్ అప్పటికే మర తిప్పి తగ్గించేశాడు. పైగా నవ్వుతున్నాడు.

దివ్యదృష్టి ఊళ్ళో కూడా వ్యాపించినట్టుంది.

జూన్ 14, సాయంత్రం

చిన్న సంగతి. బల్ల దగ్గర కూర్చుని ప్రెస్సు కబుర్లు గుర్తు చేసుకుంటుంటే అద్దంలో ఒక పంక్తి వచ్చింది.

తెలియని గొంతు 1: మె జాం టా.

తలుపు తీసి చూశాను. మెట్ల మీద ఎవరూ లేరు. కింద వాకిట్లో ఓనరమ్మ బట్టలు పిండుతోంది, నోరు మూసుకుని.

జూన్ 15

మళ్ళీ వచ్చింది. ఈసారి "బెల్టు".

జూన్ 17

కళ్ళద్దాలతో వచ్చిన పుస్తకంలో ఒక వాక్యం ఉంది: వాడేకొద్దీ మీ చుట్టూ ఉన్న గొంతులకు యంత్రం అలవాటు పడుతుంది, అస్పష్టమైన మాటలు క్రమేణా స్పష్టమవుతాయి. నిన్నటిదాకా అది వరంలా అనిపించింది.

అది స్పష్టమవుతోంది. అంటే, ఎవరో దగ్గరవుతున్నట్టుగా. మొదట అక్షరాలు, తర్వాత మాటలు, ఇవాళ వాక్యం. నేను డైరీలో మెజెంటా సార్ బెల్టు ఆయన పొట్టకు పెట్టిన బ్రేకు అని రాస్తున్నాను. రాస్తుండగా కింద ఆకుపచ్చగా:

తెలియని గొంతు 1: మెజెంటా సార్ బెల్టు ఆయన పొట్టకు పెట్టిన బ్రేకు.

నా భుజం మీద నుంచి వంగి ఎవరో చదువుతున్నారు. తిరిగి చూశాను. గోడ మేకుకు నా చొక్కా ఉంది. చొక్కాలో ఎవరూ లేరు. ధైర్యం కోసం చొక్కా తీసి దులిపాను. తర్వాత మంచం కింద చూశాను. డిగ్రీ పూర్తి చేసిన మనిషిని.

మళ్ళీ బల్ల దగ్గర కూర్చున్నాను. అప్పుడు ఇంకో పంక్తి వచ్చింది. దాని గురించి రాయకూడదనుకున్నాను, రాయకపోతే నిద్ర పట్టదు.

తెలియని గొంతు 2: ఊఁ.

ఒకటి చెప్తోంది. ఇంకోటి ఊ కొడుతోంది. నా గదిలో కథ నడుస్తోంది, వినలేనిది నేనొక్కడినే.

జూన్ 18

పరీక్ష పెట్టాను. బల్ల మీద కాగితం లేదు, పెన్ను లేదు. కళ్ళు మూసుకుని ఒక అంకె గట్టిగా అనుకున్నాను. కళ్ళు తెరిచాను.

తెలియని గొంతు 1: నలభై ఏడు.

నేను అనుకున్నది నలభై ఏడే.

సరే, చదివేది డైరీని కాదు. నన్ను.

జూన్ 19

యంత్రం లోపమేమో, మనసులోకి దూరిపోయే కొత్త రకం సాంకేతికతేమో, కంపెనీ మనకు చెప్పలేదేమో. అలా అయితే ఒక్క అద్దానికే తెలియాలి. ఈ వాదన నాకు నచ్చింది. ప్రెస్సుకు వెళ్తూ బస్టాపులో ఇంకో పరీక్ష పెట్టాను. పక్కన ఒక పెద్దమనిషి. జుట్టు మరీ ఒత్తుగా, మరీ నల్లగా, చెవుల దగ్గర కాస్త పైకి లేచి. మనసంతా కూడగట్టుకుని అనుకున్నాను: అయ్యా, మీ విగ్గు జారుతోంది.

ఆయన నా వైపు తిరిగాడు. చూసిన చూపుకు నా కాఫీ విరిగిపోయేది, చేతిలో ఉంటే. తర్వాత చెయ్యెత్తి జుట్టు సర్దుకున్నాడు.

బస్సు ఎక్కలేదు. నడిచే వెళ్ళాను. దారిపొడుగునా ఏమీ అనుకోకుండా ఉండడానికి ప్రయత్నించాను. మీరెప్పుడైనా ప్రయత్నించారా. మనసు నోరు మూయడం ఎంత కష్టమో.

జూన్ 20

ఇది అన్నింటికన్నా దారుణం.

ప్రెస్సు నుంచి రాగానే ఓనరమ్మ మెట్ల మీదే ఆపింది. ముఖం ముడుచుకుని ఉంది. అద్దంలో వచ్చినవి వచ్చినట్టు: "చూడు బాబూ, నువ్వు మంచివాడివనే ఇచ్చాను. నీ గదిలో రోజూ సాయంత్రం ఎవరో మాట్లాడుతున్నారు. మొగ గొంతు. గంటలు గంటలు. ఏం భాషో కూడా తెలియడం లేదు. నేను బయటివాళ్ళని రానివ్వను అన్నానా లేదా."

నేనొక్కడినే ఉంటానని రాశాను. ఆవిడ ప్యాడ్ చూసింది, నన్ను చూసింది. "నువ్వు మాట్లాడవు కదా. మరి మాట్లాడేదెవరు?" అంది.

ఇద్దరం కలిసి మేడ మెట్ల వైపు చూశాం. ఆవిడ ముఖంలో కోపం పోయి ఇంకేదో వచ్చింది. ఆదివారంలోగా తేల్చు, లేదంటే మీ అక్కకు ఫోన్ చేస్తాను అని వెనక్కి తిరిగి చూసుకుంటూ వెళ్ళింది.

అంటే చెవులున్నవాళ్ళకు కూడా వినిపిస్తోంది. అంటే అది ఉంది.

ఇంటికి చెబితే స్టూలు. చెప్పకపోతే ఓనరమ్మ చెబుతుంది, అప్పుడూ స్టూలు. దయ్యాలకు కూడా మామయ్య కమీషన్ ఇస్తున్నాడేమో.

జూన్ 21

కళ్ళద్దాలు తీసి సొరుగులో పెట్టాను. ఇంకా భయంగా ఉంది. ఇప్పుడది ఏమంటోందో తెలియదు.

జూన్ 22, ఆదివారం

అక్క వచ్చింది. నేనే రమ్మని మెసేజ్ పెట్టాను, అమ్మకు చెప్పకుండా.

మొత్తం సైగల్లో చెప్పాను. రెండు మూడుసార్లు తప్పు సైగలు పడ్డాయి. నవ్వుతుందనుకున్నాను. మంచం కింద తొంగి చూసి బాగున్నారా అండీ అంటుందనుకున్నాను, అది అలాంటి మనిషే. నవ్వలేదు. ఇంతకీ ఏమంటుందిరా ఆ గొంతు అని అడిగింది. కళ్ళద్దాలు పెట్టుకుని ప్యాడ్ తీసి, అది అన్న మాటలు ఒకటొకటే రాయడం మొదలుపెట్టాను. బెల్టు. బ్రేకు. నలభై ఏడు.

తెలియని గొంతు 1: బెల్టు.
తెలియని గొంతు 1: బ్రేకు.
తెలియని గొంతు 1: నలభై ఏడు.

ఇదిగో, ఇప్పుడే, ఇక్కడే ఉంది అని అక్క భుజం పట్టుకుని ఊపాను. అక్క గది చూడలేదు. తలుపు చూడలేదు. నా వెనక చూడలేదు. నా నోటి వైపు చూస్తోంది. అక్క కళ్ళ నిండా నీళ్ళు.

లేచి వచ్చి నా కుడిచెయ్యి పట్టుకుని, వేళ్ళు విప్పి, నా గొంతు మీద పెట్టింది. ప్యాడ్ నా ఎడమచేతిలో పెట్టి, చదువు అన్నట్టు కళ్ళతో చూపించింది.

చదివాను. మనసులో.

వేళ్ళ కింద వణికింది.

ఆ వణుకు నాకు కొత్త కాదు. నాకది ఎప్పటి నుంచో తెలుసు. ఆలోచన అంటే అందరికీ గొంతు కింద అలా సన్నగా వణుకుతుందనుకున్నాను.

అదే రోజు, అక్క వెళ్ళాక

కొంచెం కొంచెంగా చెప్పింది. నేను మానేసింది మాట్లాడ్డం మాత్రమేనట. నేనొక్కడినే ఉన్నప్పుడు, పనిలో మునిగినప్పుడు, ముఖ్యంగా డైరీ రాసేటప్పుడు, ప్రతి మాటా పైకి అంటానట. మానేసిన కొత్తలో ఒకసారి అమ్మ సంతోషం పట్టలేక, నా నోటి ముందు చెయ్యి పెట్టి, మాట్లాడుతున్నావురా అని చూపించిందట. నెల రోజులు పెదవులు కుట్టేసినట్టు కూర్చున్నానట. నాకు గుర్తు లేదు. అప్పుడు నాన్న తీర్మానం చేశాడు. చెబితే ఇది కూడా పోతుంది, ఎవరూ చెప్పొద్దు.

ఎవరూ చెప్పలేదు. టీ అలా వచ్చింది. నీలం చొక్కా అలా వచ్చింది. అక్క నా డైరీ ముట్టుకోలేదు. పక్క గదిలో కూర్చుని విన్నది. సీరియల్ లాగా ఉండేదిరా, కరెంటు పోయిన రోజుల్లో నువ్వే దిక్కు అంది సిగ్గులేకుండా.

కాలేజీలో పరీక్షలన్నీ నాకు విడి గదిలో పెట్టేవాళ్ళు. నా పట్ల ప్రత్యేక గౌరవం అనుకున్నాను. జవాబులు పైకి చదువుతుంటే ఇంకేం చేస్తారు.

మరి ఓనరమ్మకు నా మాట ఏ భాషో ఎందుకు తెలియలేదు అని అడిగాను. నీ మాట కాస్త వంకర తిరిగి ఉంటుంది, అలవాటైనవాళ్ళకే తెలుస్తుంది అంది అక్క. బస్టాపు పెద్దమనిషికి మాత్రం 'విగ్గు' అన్న ఒక్క మాట అందినట్టుంది. మాకు ఏళ్ళు పట్టింది, ఈ కళ్ళద్దాలకు పదిహేను రోజులు పట్టింది, దొంగముండది అని కళ్ళద్దాల్ని తిట్టింది. ఓనరమ్మకు కూడా అక్కే వెళ్ళి చెప్పింది. మాట్లాడేది మావాడే, వాడికి తెలియదు అని.

అమ్మకు గుమ్మం తుడిచే పని ఎందుకుండేదో అక్క చెప్పలేదు. నేనూ అడగలేదు.

జూన్ 23

పళ్ళ మధ్య పెన్సిల్ పెట్టుకుని రాస్తున్నాను. ఎవరికీ ఏమీ వినిపించదు. ఇరవై మూడేళ్ళ మనిషికి లోపలి గది అని ఒకటుండాలి కదా. నాకున్న గదికి ఒక గోడ లేదని, అందరూ కుర్చీలు వేసుకుని కూర్చున్నారని ఇప్పుడు తెలిసింది. ప్రేమగానే కూర్చున్నారు. అయినా.

జూన్ 25

పెన్సిల్ విరిగింది.

ప్రెస్సులో కళ్ళద్దాలు పెట్టుకుని, మధ్యాహ్నం మెషీన్ ఆపినప్పుడు బాబాయ్‌ని ప్యాడ్ మీద రాసి అడిగాను: ఎరుపు ఎక్కువైందని నేను చెప్పకముందే మీకెలా తెలుస్తుంది. ఆయన చేతులు గుడ్డకు తుడుచుకుని నింపాదిగా చెప్పాడు: "ముప్పై ఏళ్ళుగా ఈ రొదలో ఉన్నా అబ్బాయ్. ఇక్కడ చెవులు ఎవడిక్కావాలి, అందరం పెదాలే చదువుతాం. నువ్వొచ్చిన రోజే అనుకున్నా, ఎవడ్రా ఈ వాగుడుకాయ అని." ఆ రోగి చచ్చే జోకు బాగుందన్నాడు. మెజెంటా సంగతి మాత్రం జాగ్రత్త, ఆయనకూ పెదాలు వచ్చు అన్నాడు.

నా జోకులకు పదమూడేళ్ళుగా ప్రేక్షకులున్నారు. చప్పట్లు మాత్రం నాదాకా రాలేదు.

జూన్ 28

ఇవాళ సాయంత్రం కళ్ళద్దాలు పెట్టుకుని, పెన్సిల్ లేకుండా బల్ల దగ్గర కూర్చున్నాను. నా మాటలు కింద వరసగా పాకుతున్నాయి. దయ్యం దిగిపోయాక అద్దంలో ముఖం చూసుకుంటున్నట్టుంది. కాసేపటికి ఆగాను.

తెలియని గొంతు 2: ఊఁ.

పెన్ను జారిపోయింది. ఒకటో గొంతు నేను. మరి రెండోది?

అక్కకు మెసేజ్ పెట్టాను: నేను ఊ కూడా కొట్టుకుంటానా? వెంటనే జవాబు వచ్చింది. లేదురా, ఊ కొట్టే ఓపిక నీకెక్కడిది.

జూన్ 29

తెలిసే వరకు కదలకూడదని కూర్చున్నాను. ఒక వాక్యం అనడం, ఆగడం. అని ఆగిన ప్రతిసారీ ఊఁ వస్తుంది. బల్ల కిటికీ దగ్గరికి జరిపితే రాదు. ప్లైవుడ్ దగ్గరికి జరిపితే వస్తుంది. అరచెయ్యి ప్లైవుడ్‌కు ఆనించి ఇంకో వాక్యం అన్నాను. ఆగాను. చెక్కలో ఏదో సన్నగా పాకింది. నా గొంతు కింద పాకేదే.

కిందికి వెళ్ళి ఓనరమ్మను అడిగాను, అత్తగారు ఎప్పుడైనా ఏమైనా అంటారా అని. ఆవిడ చపాతీల పిండి చేతులతోనే నిలబడి నిట్టూర్చింది. "ఏడాదైంది బాబూ. ఆ అనలేదు, ఊ అనలేదు. మనం చెప్పేది కూడా ఎక్కదన్నారు డాక్టర్లు. వచ్చే వారం ఆశ్రమంలో చేర్పిస్తున్నాం. ఏమీ తెలియని మనిషికి ఎక్కడున్నా ఒకటే కదా." సాయంత్రం ఈ వేళకు అందరూ వంటలో ఉంటారు. పైన ఆవిడ ఒక్కతే.

నేను రాసి చూపించాను: ఆవిడ ఊఁ అంటున్నారు.

ఓనరమ్మ నా కళ్ళద్దాల వంక చూసింది. చెవిటివాడు విన్నాడట, గోడ అవతల నుంచి, మూగావిడ మాట. ఆవిడ తల పంకించి పీట దగ్గరికి వెళ్ళిపోయింది. ఆవిడ స్థానంలో నేనున్నా అంతే.

జూలై 1

అమ్మ వీడియో కాల్ చేసింది. అక్క చెప్పేసినట్టుంది. అమ్మ ముఖం తప్పు చేసిన పిల్ల ముఖంలా ఉంది. తిన్నావా అంది. తిన్నాను అని సైగ చేశాను. అమ్మ పక్కకు తిరిగి నాన్నతో ఏదో అంది. వినపడదనుకుందో, వినపడాలనే అందో.

అమ్మ: సాయంత్రమైతే ఇల్లు బావురుమంటోందండీ.

ఫోన్ గోడకు ఆనించాను. కాల్ కట్ చేయలేదు. అమ్మ వైపు చూడలేదు. డైరీ తీసి ఇది రాయడం మొదలుపెట్టాను. ఇదే. ఈ వాక్యాలే. అమ్మా, ఇక్కడ నా గుమ్మం మాసిపోయి ఉంది, తుడిచేవాళ్ళు లేరు.

అద్దంలో అమ్మ పేరుతో ఒక్క మాట రాలేదు. చాలాసేపటికి ఒక బ్రాకెట్ మాత్రం వచ్చింది. [ముక్కు చీదడం]. కిందనే ఇంకోటి. [ముక్కు చీదడం]. రెండోది నాన్నదై ఉంటుంది.

జూలై 2

క్లినిక్ మేడంకు సంగతంతా రాశాను. యంత్రం నా వంకర మాటకు అలవాటు పడిపోయింది కాబట్టి, ఇక నేను అన్నది ఫోన్‌లోంచి అందరికీ అర్థమయ్యేలా పలికించవచ్చట. ఒక్క పని మిగిలింది. ఆ పేరా నేను కూడా చదవాలి. పైకి.

తలుపు వేసుకుని చదివాను. ఎవరూ బోర్డు వైపు తిరగలేదు. అద్దం అడిగింది: తెలియని గొంతు 1కు పేరు పెట్టండి.

'నేను' అని పెట్టాను. పెట్టాక చాలాసేపు ఆ మాటనే చూస్తూ కూర్చున్నాను.

జూలై 4

మెజెంటా సార్ ఉంచేశాడు. బెల్టు గురించి ఒక్క మాట అనలేదు, కానీ కొత్త బెల్టు పెట్టుకొచ్చాడు.

ఆశ్రమం బండి రేపు వస్తుంది. ఇందాక ఓనరమ్మ దగ్గరికి వెళ్ళి, ప్యాడ్ జేబులోనే ఉంచి, నోటితో అడిగాను. ఒక్క సాయంత్రం ఆవిడ పక్కన కూర్చోనివ్వండి. ఫోన్ నా మాటను ఎవరిదో శుభ్రమైన గొంతులో పలికింది. ఓనరమ్మ ఫోన్ వైపు చూడలేదు. నా వైపే చూసి, "అయితే ఆ మాట్లాడేది నిజంగా నువ్వేనన్నమాట" అంది. తాళంచెవి తీసి ముందు నడిచింది.

జూలై 4, మళ్ళీ

ఇది ప్లైవుడ్‌కు అవతలి పక్క, అత్తగారి గదిలో కూర్చుని రాస్తున్నాను. అంటే చదువుతున్నాను. మంచం చెక్కగోడకు ఆనుకుని ఉంది. అత్తగారు పైకప్పు చూస్తున్నారు, రెప్ప వేయడం లేదు, ముఖంలో ఏమీ లేదు. ఓనరమ్మ మంచినీళ్ళ గ్లాసుతో గుమ్మంలో నిలబడింది.

మొదటి పేజీ తీశాను. ఈ రోజు నుంచి నేను కళ్ళతో వింటాను, భావి చరిత్రకారులు.

ఇక్కడ ఆపి చూస్తాను.

అత్తగారి పెదవులు కదల్లేదు. చెక్కగోడకు ఆనించిన నా అరచేతి కింద అదే సన్నని వణుకు పాకింది.

[గ్లాసు]

తెలియని గొంతు 2: ఊఁ?